యూరో ఫారెక్స్ కార్డు: వెరోనాలో వాడి చూశాక

చీమకుర్తిలో మాకు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. ఇటలీలోని వెరోనాలో ఏటా సెప్టెంబరులో మార్మోమాక్ అని పెద్ద రాతి ప్రదర్శన జరుగుతుంది. మన బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ కొనేవాళ్లు చాలామంది అక్కడ ఒకేచోట దొరుకుతారు. మొన్న నేనూ మా బామ్మర్దీ వెళ్లొచ్చాం. బయల్దేరే ముందు ఒంగోలులో నా సేవింగ్స్ ఖాతా ఉన్న బ్యాంకులోనే యూరో ఫారెక్స్ కార్డు, అంటే ముందే యూరోలు నింపుకుని బయట దేశంలో వాడే కార్డు, తీసుకున్నాను. దానితోపాటు ఒక క్రెడిట్ కార్డు, ఒక డెబిట్ కార్డు వెంట పెట్టుకున్నాను. వచ్చినప్పటి నుంచి కార్డు ఎలా ఉంది, తీసుకోమంటావా అని మా వాళ్లు అడుగుతూనే ఉన్నారు. తీసుకోండి. కానీ అదొక్కటే నమ్ముకుని మాత్రం విమానం ఎక్కొద్దు.

ఎందుకు తీసుకోవాలో లెక్క వేస్తే తెలుస్తుంది. మామూలు క్రెడిట్ కార్డు బయట దేశంలో గీకితే చాలా బ్యాంకులు మూడున్నర శాతం మార్కప్, అంటే కరెన్సీ మార్చినందుకు అదనపు చార్జీ, వేస్తాయి. ఆ మార్కప్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపి 4.13 శాతం. అంటే లక్ష రూపాయల ఖర్చుకు 4,130 రూపాయలు ఊరికే పోయినట్టే. చాలా డెబిట్ కార్డుల సంగతీ దాదాపు ఇంతే. ఫారెక్స్ కార్డులో యూరోలు ముందే కొని నింపుకుంటాం కాబట్టి, యూరోల్లో ఖర్చు పెట్టినంత వరకు ఈ మార్కప్ ఉండదు. మనం రేటు కట్టేది కొన్న రోజే.

ఆ కొనే రోజే గట్టిగా ఉండాలి. ఎగుమతి బిల్లులు చూసేవాళ్లం, డాలరు పది పైసలు కదిలినా మాకు తెలుస్తుంది. కౌంటర్లో అమ్మాయి చెప్పిన రేటుకు నేను తల ఊపలేదు. ఆ పూట మార్కెట్ రేటు ఫోన్లో చూపించి, ఇంత తేడా ఎందుకమ్మా అని అడిగాను. లోపల మేనేజరు గారితో మాట్లాడి వచ్చి యూరోకు ముప్పావలా తగ్గించింది. అడగనివాళ్లకు ఎవరూ తగ్గించరు. కాగితాల పని మాత్రం తేలిగ్గానే అయిపోయింది. పాస్‌పోర్టు, వీసా, టికెట్టు, పాన్ కార్డు, విదేశీ డబ్బు ఎందుకు కొంటున్నామో రాసిచ్చే ఒక ఏ2 ఫారం, అంతే. టీసీఎస్, అంటే విదేశీ డబ్బు కొనేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, గురించి కొందరు భయపెడుతున్నారు. 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో అలా కొన్నది పది లక్షలు దాటితేనే ఆ గొడవ. మా ప్రయాణం ఖర్చు ఆ దరిదాపులకు కూడా పోలేదు.

ఇక అసలు విషయం. వెరోనాలో అరేనా అనే పాత రోమన్ కట్టడం దగ్గర ఒక హోటల్లో భోజనం చేశాం. బిల్లు 86 యూరోలు. వెయిటర్ మెషిన్ తెచ్చి, మనం ఇండియా వాళ్లమని తెలిసి, నవ్వుతూ క్రెడిట్ కార్డు అడిగాడు. బామ్మర్ది తన కార్డు పెట్టాడు. స్క్రీన్ మీద రెండు గడులు వచ్చాయి. పైన రూపాయల్లో మొత్తం, కింద యూరోల్లో మొత్తం. రూపాయల గడి పచ్చగా, పెద్దగా ఉంది. "బావా, మన రూపాయల్లోనే చూపిస్తోంది, ఇదే నొక్కేస్తా" అన్నాడు. ఆగమని లెక్క చూశాను. ఆ మెషిన్ వేసిన రేటుకూ, వీసా కార్డు కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ రోజు ఉన్న రేటుకూ యూరోకు ఐదు రూపాయల పైచిలుకు తేడా. ఒక్క పూట భోజనానికే నాలుగొందల ముప్పై రూపాయలు! పైగా రూపాయల్లో కట్టినా సరే, విదేశీ దుకాణంలో జరిగిన లావాదేవీ కాబట్టి మన బ్యాంకుల్లో చాలావి విడిగా ఒక శాతం, కొన్ని అంతకన్నా ఎక్కువ చార్జీ వేస్తాయి. కింద ఉన్న యూరో గడి నొక్కించాను. ఫారెక్స్ కార్డు అయితే ఇంకా అన్యాయం. కార్డులో ఉన్నవి యూరోలే, అయినా బిల్లును రూపాయలు చేసి, ఆ రూపాయలను మళ్లీ యూరోలుగా లెక్కేసి కార్డులోంచి కోస్తారు. ఏ కార్డైనా, ఏ దేశమైనా, ఆ దేశం డబ్బులోనే కట్టాలి.

ఏటీఎంల దగ్గర ఇదే వేరే రూపంలో వస్తుంది. జనం తిరిగే వీధుల్లో ఏ బ్యాంకు పేరూ లేని ఏటీఎంలు కనిపిస్తాయి. వాటిని వదిలేసి బ్యాంకు గోడకు ఆనుకుని ఉన్నదే వెతుక్కోండి. అక్కడ కూడా "యాక్సెప్ట్ కన్వర్షన్" (రూపాయల్లోకి మార్చాలి), "డిక్లైన్ కన్వర్షన్" (మార్చొద్దు) అని రెండు అడుగుతుంది. డిక్లైన్ నొక్కితే డబ్బే రాదేమో అని టెన్షన్ పడతారు. వస్తుంది. వద్దన్నది వాళ్ల రేటునే, డబ్బును కాదు. క్రెడిట్ కార్డుతో మాత్రం ఏటీఎం జోలికి పోవద్దు. తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, ఫీజు వేరే.

ఫారెక్స్ కార్డు పనికిరాని చోటు హోటల్ గది. దిగేటప్పుడు డిపాజిట్ కింద కొంత సొమ్ము బ్లాక్ చేస్తారు. ప్రదర్శనకు వచ్చిన మన చీమకుర్తిలోనే ఇంకో యూనిట్ ఆయన దానికి ఫారెక్స్ కార్డు ఇచ్చారు. గది ఖాళీ చేశాక కూడా రెండు వందల యూరోలు విడుదల కాలేదు. ఆయన సొంత డబ్బే, ఖర్చుకు అక్కరకు రాకుండా చిక్కుకుపోయింది. క్రెడిట్ కార్డు అయితే లిమిట్లో ఇరుక్కుంటుంది తప్ప మన జేబులోది కదలదు. అద్దె కారుకూ అంతే. దోహా ఎయిర్‌పోర్టులో కాఫీకి కూడా నేను క్రెడిట్ కార్డే తీశాను, ఎందుకంటే యూరో కార్డుతో రియాల్ కడితే మార్పిడి చార్జీ మళ్లీ మొదటికొస్తుంది.

బయల్దేరే ముందే మన బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసుకోవాలి. రిజర్వు బ్యాంకు నిబంధన వల్ల 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులకు అది ఆఫ్‌లోనే వస్తోంది. నేను క్రెడిట్ కార్డుకు ఆన్ చేసి, రోజు లిమిట్ తగ్గించి పెట్టాను. డెబిట్ కార్డు లాక్ చేసి సూట్‌కేసులో అడుగున పడేశాను. జీవితకాలం కూడబెట్టిన ఖాతాకు దారి తీసే కార్డును పరాయి ఊళ్లో ప్రతి మెషిన్‌లో పెట్టడం నాకు ఇష్టం లేదు.

బ్యాంకు తప్పులు కూడా చెప్పాలి. కార్డు వెనుక అచ్చేసింది 1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబరు. ఇటలీ నుంచి అది మోగనే మోగలేదు. కార్డు పోయిన మనిషి అప్పుడేం చేయాలి? ప్లస్ 91తో మొదలయ్యే మామూలు నంబరు కవరులోని కాగితంలో ఎక్కడో మూల ఉంది. నేను ముందే ఫోన్లో రాసి పెట్టుకున్నాను, అందరూ ఆ కాగితం చదవరు కదా. రెండోది, శనివారం సాయంత్రం నెట్‌బ్యాంకింగ్‌లో మళ్లీ నింపితే యూరోలు సోమవారానికి గానీ పడలేదు. ఆదివారం వెనిస్ చూడటానికి వెళ్లాం, ఆ రోజంతా క్రెడిట్ కార్డు, చేతిలో ఉన్న కొద్ది నోట్లే ఆధారం.

మిగిలిన యూరోలు రూపాయలు చేయించడానికి బ్రాంచికి వెళ్తే ఒక ఫారం నింపించి, అమ్మిన రేటు కన్నా బాగా తక్కువకు కొన్నారు. అందుకే ఎక్కువ నింపకుండా, శుక్రవారం లోపు కొంచెం కొంచెం నింపుకోవడమే మేలు. ఐదుకు మూడున్నర మార్కులు ఇస్తాను. ఆ ఫోన్ నంబరు కార్డు మీదే వేస్తే నాలుగు. బ్రాంచిలో ఆ మాట రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను.