రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? ‘ఐ5’ అన్న ఒక్క మాట విని డబ్బు కట్టకండి

ఇంజనీరింగ్‌లో చేరిన మా అమ్మాయి కోసం పోయిన నెల సికింద్రాబాద్‌లో ఒక షాపులో రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మే) ల్యాప్‌టాప్ కొన్నాను. 19,500 రూపాయలు. ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డిస్క్), విండోస్ 11, ఆరు నెలల వారంటీ అన్నారు. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా మోసపోయాను. ఈ వారమే కొనబోతున్నవాళ్లు ఉంటే కాస్త ఆగి చదవండి.

ఐ5 అనేది ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ల పేరు. ఆ పేరుతో పదేళ్లకు పైగా ప్రాసెసర్లు వస్తూనే ఉన్నాయి. అసలు సంగతి దాని పక్కనుండే నంబర్‌లో ఉంది. మాకిచ్చింది ఐ5-6300యూ. మొదటి అంకె 6 అంటే ఆరో జనరేషన్ (తరం), 2015 నాటిది, రెండే కోర్లు (ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలు). అదే 8350యూ అయితే 2017ది, నాలుగు కోర్లు. స్టిక్కర్ మీద మాత్రం రెండింటికీ ఐ5 అనే ఉంటుంది. (నంబర్ 1తో మొదలైతే మొదటి రెండంకెలు కలిపి చదవాలి. 1135 అంటే పదకొండో జనరేషన్.)

ఇంటెల్ మిషన్లలో విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునేది దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ (మామూలుగా వచ్చే అప్‌డేట్లు) 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మా షాపతను ఏం చేశాడంటే, మిషన్ విండోస్ 11కి తగినదా కాదా అని చూసే చెకింగ్‌ను దాటవేసి విండోస్ 11 ఎక్కించాడు. పైకి చక్కగా నడుస్తుంది. కానీ అలా ఎక్కించిన మిషన్‌కి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. నాలుగేళ్లు చదువుకోవాల్సిన పిల్లకి కొన్నది ఇది. మైక్రోసాఫ్ట్ వాళ్లదే పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత యాప్ ఉంది. షాపులోనే దాన్ని నడిపి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

ఇదంతా బయటపడింది బ్యాటరీ వల్ల. క్లాసులో ముప్పావు గంటకే ఆఫ్ అయిపోతోందని అమ్మాయి ఫోన్ చేసింది. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ అనే కమాండ్‌తో బ్యాటరీ రిపోర్ట్ తీయొచ్చు. తీస్తే డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టే ఛార్జ్) 47,000, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) 16,000. అంటే మూడో వంతు మిగిలింది. షాపుకి వెళ్తే “బ్యాటరీ, ఛార్జర్ వారంటీలో రావు సార్” అన్నారు. ఆ మాట కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఇక బిల్లు. దానిమీద “ల్యాప్‌టాప్ – 1” అని మాత్రమే ఉంది. మోడల్ లేదు, ప్రాసెసర్ నంబర్ లేదు, సీరియల్ నంబర్ లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే మొదట అడిగింది బిల్లే. నేను ఏది కొన్నానో నా దగ్గరున్న కాగితమే చెప్పదు. అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. దయచేసి సీరియల్ నంబర్, ప్రాసెసర్ పూర్తి నంబర్, బ్యాటరీకి వారంటీ ఉందో లేదో, మూడూ బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి. రాయమంటే విసుక్కునే షాపైతే బయటికి వచ్చేయండి.

ఇంకో రెండు చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో, ఎంత ఆరోగ్యంగా ఉందో చూపిస్తుంది. ర్యామ్ బోర్డుకే అతికించి ఉందా, స్లాట్‌లో ఉందా అని అడగండి. అతికించి ఉండి, వేరే స్లాట్ కూడా లేకపోతే తర్వాత పెంచుకోలేరు.

పాత మిషన్లు కొనవద్దని మాత్రం నేను అనను. ఆఫీసుల నుంచి వచ్చే బిజినెస్ ల్యాప్‌టాప్‌లు గట్టివి, విప్పి బాగుచేసుకోవడం కూడా తేలిక. ఈ ఆరో జనరేషన్ మిషన్‌నే 11, 12 వేలకి, ఉన్నదున్నట్టు చెప్పి ఇచ్చి ఉంటే నేను సంతోషంగా కొనేవాణ్ణి. ఇప్పుడు 2,600 పెట్టి కొత్త బ్యాటరీ వేయించి, విండోస్ తీసేసి దాని బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాం. అదైతే ఖర్చు లేదు, అప్‌డేట్లు సక్రమంగా వస్తున్నాయి. అమ్మాయి సీ, పైథాన్ ప్రోగ్రామింగ్ ల్యాబ్ పనులు దాని మీదే చేసుకుంటోంది. విండోస్‌లోనే నడిచే సాఫ్ట్‌వేర్ కాలేజీలో అడిగితే మాత్రం మళ్లీ ఇబ్బందే.

కొనే ముందు మీకు చూపిస్తున్న మిషన్ ప్రాసెసర్ నంబర్ ఇక్కడ పెట్టండి. అది ఏ జనరేషన్‌దో, విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ల లిస్టులో ఉందో లేదో చూసి చెబుతాను.