సీఎస్‌ఎస్ సెంటరింగ్: ఇన్నేళ్లు వాడాక నా రివ్యూ

వెబ్ పేజీ రూపు తీర్చే భాష సీఎస్‌ఎస్, అందులో దేన్నైనా మధ్యకి తేవడమే సెంటరింగ్. బెంగళూరులో ఫ్రంటెండ్ (పేజీలో కంటికి కనపడే భాగం రాసే పని) ఇంటర్వ్యూకెళ్తే ఇప్పటికీ అడుగుతారు, డివ్‌ని, అంటే పేజీలోని ఒక బాక్స్‌ని, పేజీకి నట్టనడుమ పెట్టి చూపించు అని. అడ్డంగా మధ్యకి తేవడం ఎప్పుడూ పెద్ద పని కాదు, వెడల్పు ఇచ్చి మార్జిన్ ఆటో అంటే అయిపోయేది. ఏడిపించిందల్లా నిలువుగా తేవడమే. వర్టికల్ అలైన్ మిడిల్ అని రాస్తారు, ఏమీ కదలదు, ఎందుకంటే అది లైన్‌లో ఉన్న అక్షరాలకీ ఇమేజ్‌లకీ టేబుల్ సెల్‌కీ తప్ప మామూలు డివ్‌కి పనిచేయదు. అందుకని పొజిషన్ ఆబ్సల్యూట్, టాప్ 50 శాతం, లెఫ్ట్ 50 శాతం, మళ్లీ ట్రాన్స్‌ఫార్మ్‌తో మైనస్ 50 వెనక్కి లాగడం. ఇది చాలాకాలం వాడా. పని జరుగుతుంది గానీ సగం పిక్సెల్ మీద పడితే అక్షరాలు మసకబారతాయి, పైగా వెడల్పు ఇవ్వకపోతే లెఫ్ట్ 50 వల్ల మిగిలిన సగం జాగాలోనే బాక్స్ ఇరుక్కుని ఊరికే రెండో లైన్‌కి విరిగిపోతుంది.

లోపలి ఐటమ్స్‌ని వరసలో పేర్చే ఫ్లెక్స్ వచ్చాక బతుకు మారింది, అందులో డౌట్ లేదు. డిస్‌ప్లే ఫ్లెక్స్, జస్టిఫై కంటెంట్ సెంటర్, అలైన్ ఐటమ్స్ సెంటర్, మూడు లైన్లు. కొత్తగా చేరినవాళ్లు తడబడేది ఒక్కచోటే, డైరెక్షన్ కాలమ్ చేస్తే, అంటే ఐటమ్స్ ఒకదాని కింద ఒకటి పేరిస్తే, ఆ రెండూ తారుమారవుతాయి, జస్టిఫై నిలువుకి పోతుంది. అడ్డం నిలువు గళ్లలో అమర్చే గ్రిడ్ అయితే 2017 మార్చిలో పెద్ద బ్రౌజర్లలో వరసగా దిగింది, ప్లేస్ ఐటమ్స్ సెంటర్ అంటే చాలు. ఒక్కటే బాక్స్ మధ్యలో కూర్చోవాలంటే నాకు గ్రిడ్డే ఇష్టం, నాలుగైదు ఐటమ్స్ వరసలో ఉంటే ఫ్లెక్స్. ఇక 2024 నుంచి ఫ్లెక్సూ గ్రిడ్డూ ఏదీ లేకుండానే మామూలు బ్లాక్‌కి అలైన్ కంటెంట్ సెంటర్ అంటే నిలువుగా మధ్యకొస్తుంది, క్రోమ్ 123, సఫారీ 17.4, ఫైర్‌ఫాక్స్ 125 నుంచి. ఇది మొదటి నుంచే ఉండాల్సింది కదా అనిపిస్తుంది, ఇన్నేళ్లు పట్టింది.

ఒక లోపం మాత్రం గట్టిగా చెప్పాలి. లాగిన్ ఫారాన్ని ఫ్లెక్స్‌తో మధ్యలో పెట్టి చిన్న ఫోన్‌లో తెరవండి, ఫారం బాక్స్ కంటే పొడుగైతే పట్టని భాగం పైన సగం, కింద సగం బయటికి పోతుంది, కింది దానికి స్క్రోల్ ఉంటుంది, పైదానికి ఉండదు, అంటే హెడ్డింగ్ ఇక కనపడదు. లోపలి ఎలిమెంట్‌కి మార్జిన్ ఆటో ఇస్తే ఈ గోల లేదు, సెంటర్ ముందు సేఫ్ అని రాసినా సరే. ఎత్తు స్క్రీన్ అంతా అని చెప్పే 100వీహెచ్ కూడా ఫోన్‌లో అడ్రస్ బార్‌ని లెక్కలోకి తీసుకోదు కాబట్టి మధ్య అనుకున్నది కాస్త కిందికి జారుతుంది, అప్పటికి కనపడే ఎత్తునే తీసుకునే 100డీవీహెచ్ వాడండి.

ఇంతదాకా ఎక్కడైనా దొరుకుతుంది. ఎక్కడా రాయనిది మన తెలుగు బటన్ల సంగతి. పంపు, రద్దు అని రెండు బటన్లు పక్కపక్కన పెట్టండి. పంపుకి కింద ఏమీ వేలాడదు, రద్దుకి ద ఒత్తు దిగుతుంది. సీఎస్‌ఎస్ మధ్యకి తెచ్చేది లైన్ బాక్స్‌ని, అంటే ఆ లైన్‌కి కేటాయించిన జాగాని, అక్షరాన్ని కాదు, కాబట్టి లెక్క ప్రకారం రెండూ కరెక్టే, కంటికి మాత్రం రద్దు కిందికి దిగినట్టుంటుంది. దాన్ని పైకి జరిపితే పక్కది వంకరగా కనపడుతుంది. దీనికితోడు ఫాంట్ లిస్టులో ఇంగ్లీషు ఫాంట్ ముందుండి తెలుగు అక్షరాలు అందులో లేక ఫాల్‌బ్యాక్, అంటే బదులు ఫాంట్‌లోంచి వస్తే, లైన్ హైట్ (లైన్ ఎత్తు) నార్మల్‌లో ఉంటే బటన్ ఎత్తే మారిపోవచ్చు, ఇంగ్లీషు వెర్షన్‌లో ఒకలా, తెలుగులో ఇంకోలా. అక్షరాల పైనా కిందా మిగిలే జాగా కత్తిరించే టెక్స్ట్ బాక్స్ ట్రిమ్ అని 2024 చివర్లో సఫారీకి, 2025 మొదట్లో క్రోమ్‌కి వచ్చింది, ఆశపడ్డా, కానీ దాని క్యాప్ లెక్క ఇంగ్లీషు పెద్ద అక్షరాల ఎత్తు మీద నడుస్తుంది, మన గుడులకీ ఒత్తులకీ అది అతకదు.

నేను చేసేది, లైన్ హైట్ 1.6 దగ్గర నంబరుగా ఫిక్స్ చేయడం, పైనా కిందా ప్యాడింగ్ ధారాళంగా ఇవ్వడం, బేస్‌లైన్ (అక్షరాలు కూర్చునే గీత) జోలికి పోకపోవడం. మా డిజైనర్ రద్దు బటన్ ఒక్కదాన్నే స్క్రీన్‌షాట్ తీసి రెండు పిక్సెల్స్ కిందికుంది బ్రో అని పంపిస్తే, పక్కన పంపు కూడా పెట్టి చూడు అని తిప్పి పంపిస్తున్నా.