ఒయాసిస్ తరగతి ఓడలు, వాటి సూట్లు: మూడు తరాలతో ఏళ్లుగా తిరిగాక రాస్తున్న సమీక్ష

పెద్ద క్రూయిజ్ షిప్పుల మాట ఎత్తగానే మనవాళ్ల దగ్గర రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. అంత జనంలో సెలవేంటి అనేది ఒకటి. ఆ వాటర్ స్లైడ్లూ జిప్ లైన్లూ పిల్లలకే కదా, పెద్దవాళ్లకేముంది అనేది రెండోది. అమ్మానాన్నలతో, అత్తగారితో, పిల్లలతో కలిసి రాయల్ కరీబియన్ అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ల ఒయాసిస్ తరగతి ఓడల్లో, అంటే ఒకే నమూనాలో కట్టిన పెద్ద ఓడల్లో, కొన్నేళ్లుగా తిరుగుతున్నాం. మూడు తరాలు కలిసి వారం రోజులు గడపడానికి నేను చూసినవాటిలో ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఎందుకంటున్నానో, డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టక్కర్లేదో వివరంగా రాస్తాను.

మేముండేది డాలస్ దగ్గర. అక్కడి నుంచి టెక్సస్ తీరంలోనే ఉన్న గాల్వెస్టన్ రేవుకి కారులో దాదాపు ఐదు గంటలు. 2022 నవంబరులో గాల్వెస్టన్‌లో కొత్త టెర్మినల్ తెరిచారు. ఈ తరగతి ఓడల్లో మొదట ‘అల్యూర్ ఆఫ్ ద సీస్’ వచ్చింది, తర్వాత ‘హార్మొనీ ఆఫ్ ద సీస్’ వచ్చింది. టెక్సస్‌లో ఉన్న తెలుగు కుటుంబాలకి ఇది చిన్న విషయం కాదు. ఇండియా నుంచి అంత దూరం వచ్చిన పెద్దవాళ్లని మళ్లీ మయామి దాకా విమానంలో తిప్పే పని తప్పింది. వారం ప్రయాణమైతే మెక్సికోలోని కొసుమెల్, కోస్టా మాయా, హోండురాస్ దగ్గరి రొయతాన్ దీవి సాధారణంగా ఉంటాయి. ఓడ మెక్సికో వెళ్లి తిరిగి అమెరికా వస్తుంది కాబట్టి అమ్మానాన్నల విజిటర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో బుక్ చేసే ముందే చూసుకోండి.

ముందు సైజు సంగతి. 2016లో ఫ్రాన్స్‌లోని సాన్ నజేర్ నౌకాశాలలో తయారైన హార్మొనీ పొడవు 362 మీటర్లు. గ్రాస్ టన్నేజ్ సుమారు 2,27,000. టన్నేజ్ అనగానే బరువు అనుకుంటారు గానీ, అది ఓడ లోపల ఉన్న మొత్తం చోటుకి కొలత. ఆ లెక్కన టైటానిక్ 46 వేల పైచిలుకు, అంటే దీనిలో ఐదో వంతు. మన విశాఖకి 2022లో వచ్చిన, కార్డీలియా అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ల ఓడ ఎంప్రెస్ కూడా 48 వేల చిల్లరే. ఆ ఎంప్రెస్ కూడా 1990లో రాయల్ కరీబియన్ సంస్థ కోసమే తయారైంది. అది విశాఖ వచ్చినప్పుడు మా బాబాయి వాళ్లు అందులో పుదుచ్చేరి మీదుగా చెన్నై వెళ్లారు. అదే చాలా పెద్దదని వాళ్లు చెప్తుంటే విన్న నాన్న, గాల్వెస్టన్‌లో కారు దిగి హార్మొనీని చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

హార్మొనీలో గదికి ఇద్దరు చొప్పున లెక్క వేస్తేనే దాదాపు 5,500 మంది ప్రయాణికులు. సిబ్బంది రెండు వేలకు పైగా. మరి ఇరుకు ఎందుకు అనిపించదు? దీనికి జవాబు ఓడని కట్టిన తీరులో ఉంది. ఒకప్పుడు ఓడ అంటే మధ్యలో కారిడార్, రెండు పక్కలా గదులు, పైన డెక్ ఉండేవి. ఫిన్లాండ్‌లోని తుర్కు నౌకాశాల 1990లో సిల్యా సెరెనేడ్ అనే ఫెర్రీ కట్టింది. దాని నడుమ పొడవునా ఒక బజారు వీధి పెట్టి, లోపలి గదులకి ఆ వీధి వైపు కిటికీలు ఇచ్చారు. అదే నౌకాశాల 1999లో రాయల్ కరీబియన్‌కి కట్టిన వోయజర్ అనే ఓడలో ఆ వీధే ఇంకా పెద్దదయింది. 2009లో వచ్చిన మొదటి ఒయాసిస్‌లో మరో అడుగు ముందుకేసి, ఓడ పైభాగాన్నే నిలువునా రెండుగా చీల్చి మధ్యలో ఆకాశం కనిపించేలా వదిలేశారు. అలా తెరిచిన చోట, ఎనిమిదో డెక్ మీద, సెంట్రల్ పార్క్ ఉంది. పది వేలకు పైగా నిజమైన మొక్కలు పెంచుతున్నారు. వాటికి తోటమాలులు వేరే ఉంటారు. వెనక వైపు మెర్రీ గో రౌండ్ ఉన్న బోర్డ్‌వాక్, దాని చివర నీళ్ల విన్యాసాలు జరిగే ఆక్వా థియేటర్. ఇలా ఓడని ఏడు పేటలుగా విడగొట్టడంతో జనం ఒకచోట పోగుపడరు.

సముద్రం మీదే గడిపే రోజు మా ఇంట్లోవాళ్లు ఎలా గడుపుతారో చెబితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. పొద్దున్నే అమ్మ, అత్తగారు సెంట్రల్ పార్క్‌లో బెంచీ చూసుకుని కూర్చుంటారు. ఆ వేళ అక్కడ పక్షుల కూతల రికార్డింగు తప్ప చప్పుడుండదు. నాన్న ఐదో డెక్‌లో ఓడ చుట్టూ ఉన్న నడక దారిలో రెండు రౌండ్లు వేసి కాఫీకి వస్తారు. పెద్దవాడు పదహారో డెక్‌లో కృత్రిమ అలల మీద చేసే సర్ఫింగ్ దగ్గర, చిన్నది పిల్లల క్లబ్బులో. మా ఆయనకీ నాకూ పెద్దవాళ్లని మాత్రమే రానిచ్చే సొలేరియంలో రెండు గంటలు దొరుకుతాయి. మధ్యాహ్నం భోజనానికి అందరం కలుస్తాం, ఎవరి కబుర్లు వాళ్లు చెప్తారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన ఆరు నెలలూ ఒకే ఇంట్లో ఉంటాం, పొద్దస్తమానం ఒకరి ముఖం ఒకరం చూస్తాం, కానీ ఎవరికి నచ్చినట్టు వాళ్లుండే వీలు తక్కువ. కారు నడపడం రాక, ఎక్కడికి వెళ్లాలన్నా మమ్మల్ని అడగాల్సి వచ్చే మా నాన్న ఈ ఓడలో ఒక్కరే బయల్దేరి, తనకి నచ్చిన చోటికి వెళ్లి, తనంతట తాను గదికి వచ్చేస్తారు. మా కుటుంబానికి పెద్ద ఓడ ఇచ్చినవాటిలో అన్నిటికంటే విలువైనది ఇదే. చిన్న ఓడ అయితే అరగంటలో చూడ్డం అయిపోయి మళ్లీ గదికే చేరేవారు.

కుదుపు గురించి కూడా చెప్పాలి. అంతకుముందు వేరే కంపెనీ ఓడలో, బాగా చిన్నదానిలో వెళ్లాం. గాలికి అది ఊగిన ఊపుకి అత్తగారు ఒక పగలూ రాత్రీ మంచం దిగలేదు. ఇంత పొడవూ వెడల్పూ ఉన్న ఓడని మామూలు అలలు అంతగా కదపలేవు. పైగా నీటి అడుగున రెండు పక్కలా రెక్కల్లాంటి స్టెబిలైజర్లు పక్క ఊపుని తగ్గిస్తాయి. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చలికాలం గాలి లేచినప్పుడు మాత్రం పై డెక్‌లలో తేడా తెలుస్తుంది. కళ్లు తిరిగేవాళ్లుంటే ఓడ మధ్యలో, కింది డెక్‌లో గది తీసుకోండి.

ఇక సూట్లు, అంటే మామూలు గదుల కంటే పెద్దవి, ఖరీదైనవి. ఇక్కడే అందరూ తడబడతారు. ‘సూట్’ అన్న పేరుతో అమ్మేవన్నీ ఒకటి కాదు. మామూలు బాల్కనీ గది 180 చదరపు అడుగులు ఉంటుంది. జూనియర్ సూట్ దాదాపు 290, బాల్కనీ అదనం. బాత్ టబ్, నిలబడి నడవడానికి చోటు, పెద్ద బీరువా ఉంటాయి. కానీ గది ఒకటే, మంచానికీ సోఫాకీ మధ్య తెర తప్ప ఏమీ ఉండదు. సూట్ల వాళ్లు కూర్చోవడానికి వేరుగా ఉండే లాంజ్‌కి అనుమతి లేదు. 17వ డెక్‌లో సూట్ల వాళ్ల కోసం ఉన్న కోస్టల్ కిచెన్ రెస్టారెంట్‌లోకి రాత్రి భోజనానికి మాత్రమే రానిస్తారు, అదీ చోటుంటేనే. ఇద్దరు దంపతులకి ఇది హాయి. నలుగురుంటే మాత్రం తీసుకోమని నేను చెప్పను.

గ్రాండ్ సూట్ నుంచి అసలు తేడా మొదలవుతుంది. రమారమి 370 చదరపు అడుగుల గది, వంద పైన చదరపు అడుగుల బాల్కనీ. కోస్టల్ కిచెన్‌లో మూడు పూటలా తినొచ్చు, లాంజ్ వాడుకోవచ్చు. షోలకీ రెస్టారెంట్లకీ సీట్లు చూసిపెట్టడానికి కన్సీయర్జ్ ఉంటారు. వైఫై టికెట్టులోనే వస్తుంది. ఓడ ఎక్కేటప్పుడు వేరే లైను. చదివితే ఇవి చిన్నచిన్న సౌకర్యాల్లా ఉంటాయి గానీ, డెబ్బై దాటిన వాళ్లు వెంట ఉన్నప్పుడు వీటి విలువ తెలుస్తుంది. లైన్లో నిలబడే పని సగానికి సగం తగ్గుతుంది. ఆ పెద్ద బాల్కనీలో రాత్రి భోజనాలయ్యాక అందరం కుర్చీలు వేసుకుని కూర్చుంటే, వేసవిలో మా ఊరి డాబా మీద కబుర్లు చెప్పుకున్నట్టే ఉంటుంది. అమ్మ తన చిన్నప్పటి సంగతులు పిల్లలకి చెప్పింది ఎక్కువగా అక్కడే. ఇంట్లో అయితే ఆ వేళకి ఒకరు ఫోన్లో, ఒకరు మీటింగులో.

అయితే డబ్బు లెక్క కూడా సూటిగా చెప్తాను. సీజన్‌ని బట్టి గ్రాండ్ సూట్ ధర బాల్కనీ గదికి రెండింతలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. టిప్పులు కూడా రోజుకి మనిషికి రెండు మూడు డాలర్లు ఎక్కువ పడతాయి. పైగా ఒక పడకగది గ్రాండ్ సూట్‌కి బాత్రూం ఒకటే. పొద్దున్న ఏడింటికి నలుగురు దాని ముందు నిలబడాల్సిందే. అందుకే అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలు ఉన్న కుటుంబం నన్ను అడిగితే మొదట చెప్పేది పక్కపక్కన రెండు బాల్కనీ గదులు తీసుకోమని. గది చూసుకునే అటెండెంట్‌ని అడిగితే రెండు బాల్కనీల మధ్య అడ్డు తలుపు తీసేస్తారు. రెండు బాత్రూములు, కలిసిన బాల్కనీ, సూట్ కంటే తక్కువ ధర. పడకగదులు రెండున్న గ్రాండ్ సూట్ మీ బడ్జెట్‌కి అందితే దాని దారే వేరు. హాలు, రెండు పడకగదులు, రెండు బాత్రూములు, అందరూ పట్టే బాల్కనీ. మేం పెట్టిన ఖర్చుల్లో ఒక్క డాలరు కూడా దండగ అనిపించనిది అదే.

క్రౌన్ లాఫ్ట్ సూట్ ఫొటోలు చూసి చాలామంది మోజు పడతారు. రెండంతస్తుల ఎత్తు అద్దం, కింద హాలు, పైన పడక. కింద ఒకటి, పైన ఒకటి రెండు బాత్రూములు. అద్దంలోంచి సముద్రాన్ని చూస్తుంటే కళ్లు చాలవు. కానీ పడక దగ్గరికి మెట్లెక్కే వెళ్లాలి, దానికి తలుపూ లేదు. కింద పిల్లలు టీవీ పెడితే వెలుతురూ చప్పుడూ పైకి వచ్చేస్తాయి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు కింద సోఫా కమ్ బెడ్ మీద పడుకోవాలి. పెళ్లిరోజుకి ఇద్దరే వెళ్తే తీసుకోండి, పెద్దవాళ్లతో మాత్రం వద్దు. రాయల్ జీనీ అని వెంట ఉండి అన్నీ చూసుకునే మనిషిని ఇచ్చే స్టార్ క్లాస్ సూట్లలో డ్రింకులు, స్పెషాలిటీ రెస్టారెంట్లు, టిప్పులు అన్నీ కలిపే ఉంటాయి. మద్యం ముట్టని, శాకాహారం తినే మా ఇంటికి అందులో సగం వృథా.

లోపలి వైపు బాల్కనీల గురించి ఒక మాట. సెంట్రల్ పార్క్ వైపు బాల్కనీ ధర తక్కువ, గాలి కొట్టదు, పచ్చదనం కనిపిస్తుంది. ఎదుటి గదుల వాళ్లు కనిపిస్తారు కాబట్టి తెర వేసుకోవాలి. బోర్డ్‌వాక్ వైపు తీసుకుంటే ఆక్వా థియేటర్ షోల చప్పుడు రాత్రి పొద్దుపోయే దాకా ఉంటుంది.

భోజనం గురించి మనవాళ్లకి ఉండే టెన్షన్ నాకు తెలుసు. విండ్‌జామర్ బఫేలో అన్నం, పప్పు, ఒకటో రెండో భారతీయ కూరలు దాదాపు రోజూ కనిపిస్తాయి. మెయిన్ డైనింగ్ రూములో మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కి శాకాహారులమని, భారతీయ భోజనం కావాలని చెప్పండి. మర్నాటి నుంచి పప్పు, కూర, రోటీ, రైతా వేరేగా చేయించి తెస్తారు. ఓడల్లో గోవా, కేరళ వాళ్లు చాలామంది పనిచేస్తారు. అత్తగారికి అల్లం వెల్లుల్లి పడదని ఒకసారి చెప్తే, గోవా వెయిటర్ ఒకాయన వారమంతా గుర్తుపెట్టుకుని, రోజూ ‘అమ్మా’ అంటూ వడ్డించాడు. ఆంధ్రా కారం మాత్రం ఆశించకండి. ఇంట్లో వండినవి ఓడలోకి తేనివ్వరు. ఫ్యాక్టరీ సీలున్న పచ్చడి సీసా, పొడి ప్యాకెట్టు తెచ్చుకోవచ్చు. రైస్ కుక్కర్, కెటిల్ తేవద్దు, స్కానింగులోనే తీసి పక్కన పెట్టేస్తారు.

నడక ఎక్కువ, ఇది ముందే ఒప్పుకోవాలి. పెద్ద థియేటర్ ఓడ ముందు భాగంలో, మెయిన్ డైనింగ్ రూము వెనక భాగంలో. భోజనం చేసి షోకి వెళ్లాలంటే ఓడ పొడవులో సగం పైనే నడవాలి. లిఫ్టులు 24 ఉన్నా షోలు వదిలిన సమయంలో ఆగాల్సి వస్తుంది. అందుకే పెద్దవాళ్లకి ముందు లిఫ్టులకీ వెనక లిఫ్టులకీ మధ్య గది చూడండి, పై డెక్‌లో సూట్ కంటే ఇది ముఖ్యం. నడవలేని వాళ్లకి వీల్‌చైర్ అద్దెకి ముందే బుక్ చేసుకోవచ్చు.

లోపాలు లేవని కాదు. ఇంత పెద్ద ఓడ పట్టే రేవులు కొన్నే. చిన్న దీవులు, పాత ఊళ్లు చూడాలనుకునే వాళ్లకి ఇది సరైనది కాదు. ఎత్తైన ఓడ పక్కల మీద గాలి గట్టిగా తోస్తే రేవుకి చేర్చడం ప్రమాదమని కెప్టెన్ ఆ ఊరే వదిలేయచ్చు. మూడు నాలుగు పెద్ద ఓడలు ఒకేరోజు వస్తే కొసుమెల్ వీధుల్లో కాలు పెట్టే చోటుండదు, ఆ భారం మోసేది అక్కడి జనం. వెనిస్‌లో 2021 ఆగస్టు నుంచి 25 వేల టన్నేజ్ దాటిన ఓడలని జుదెక్కా కాలువలోకి రానివ్వడం ఆపారు. అది న్యాయమైన నిర్ణయమని నా అభిప్రాయం. ఈ ఓడలు తాగే ఇంధనం సంగతీ మనసులో ఉంటుంది. అందుకే ఏటేటా వెళ్లాలని మేం అనుకోం. అమ్మానాన్నలు వచ్చిన సంవత్సరమే వెళ్తాం.

2024 జనవరిలో ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ వచ్చింది. 365 మీటర్లు, దాదాపు రెండున్నర లక్షల గ్రాస్ టన్నేజ్. మయామి నుంచి తిరగడం మొదలుపెట్టింది. అందులో మూడంతస్తుల ఫ్యామిలీ టౌన్‌హౌస్, దాని లోపలే జారుడు బల్ల ఉన్నాయని పిల్లలు ఆ వీడియోలు చూపిస్తూనే ఉన్నారు. దాని ధరకి మేం పెట్టుకున్న బడ్జెట్ ఎక్కడా అందదు, పైగా మళ్లీ మెట్లే. ఈసారి అమ్మానాన్నలు వచ్చినప్పుడు గాల్వెస్టన్ నుంచే, ఓడ మధ్యలో లిఫ్టుకి దగ్గరగా రెండు పడకగదుల గ్రాండ్ సూట్ చూస్తున్నాం. అవి ఓడకి కొన్నే ఉంటాయి, తొందరగా అయిపోతాయి. మీరూ వేసవి సెలవులకి అనుకుంటుంటే ఏడాది ముందే అడ్వాన్సు కట్టి పెట్టుకోండి. తర్వాత ధర తగ్గితే ఫైనల్ పేమెంట్ లోపు తగ్గిన ధరకి మార్చమని అడగొచ్చు.