పాలమూరు, నల్గొండ పేదలకు ఏది మేలు: దేశాల కూటమా, దగ్గర్లో ఫ్యాక్టరీయా?

పేదరికం తగ్గాలంటే ఇతర దేశాలతో సుంకాలు లేని వ్యాపార కూటమి కట్టాలా, ముందు మన దగ్గర ప్రైవేటు పరిశ్రమలు పెంచాలా? మన జిల్లాల సంగతి వరకు నేను రెండోదానివైపే. అయితే దానికో షరతు ఉంది.

నల్గొండ పత్తినే చూడండి. రైతు బండి కట్టించుకుని జిన్నింగ్ మిల్లుకు తెస్తాడు. అక్కడ పత్తిలో తేమ మీటరు పెట్టి చూస్తారు. తేమ 8 శాతం లోపుంటే పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 12 దాటితే కొనదు. మంచు కురిసే రోజుల్లో ఆ అంకె కనబడేదాకా రైతుకు టెన్షనే. గింజ తీశాక మిగిలే దూది సుమారు మూడో వంతు. దాన్ని బేళ్లు కట్టి లారీ ఎక్కిస్తారు. ఆ తర్వాత నూలు వడకడం, బట్ట నేయడం, చొక్కా కుట్టడం, అంటే ఎక్కువమందికి పని దొరికేదంతా చాలావరకు వేరేచోటే.

మన పత్తి, నూలు బాగా కొనే దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి. 2001లో ఐరోపా సమాఖ్య బాగా వెనుకబడిన దేశాల సరుకులకు, ఆయుధాలు తప్ప, సుంకం లేకుండా దారి ఇచ్చింది. ఆ అవకాశం దాదాపు 50 దేశాలకు దక్కింది. బంగ్లాదేశ్ అంతగా వాడుకున్నవి చాలా తక్కువ. ఎందుకంటే 1970ల చివరి నుంచే అక్కడ ప్రైవేటు గార్మెంట్ ఫ్యాక్టరీలు, మిషన్ కుట్టు నేర్చిన ఆడవాళ్లు ఉన్నారు. ఈ రోజు ఆ రంగంలో సుమారు 40 లక్షల మంది పనిచేస్తున్నారు. సుంకం ఎత్తేస్తే లాభం, అమ్మడానికి సరుకు సిద్ధంగా ఉన్నవాడికే.

లేనివాడి మీద బయటి సరుకు వచ్చి పడుతుంది. 2019 నవంబరులో మన దేశం ఆసియా-పసిఫిక్ దేశాల వ్యాపార కూటమి ఆర్‌సెప్‌లో చేరనని చెప్పడానికి న్యూజిలాండ్ పాల ఉత్పత్తులంటే పాడి రైతులకున్న భయం ఒక ముఖ్య కారణం. రెండు బర్రెలున్న ఇంటికి పాల కేంద్రం స్లిప్పు మీది వెన్న శాతమే నెల ఖర్చులు తేలుస్తుంది. అందుకే చేరకపోవడం మంచిదైందనే నా అభిప్రాయం. కానీ అంతమాత్రాన పాల ధర పెరగదు. సహకార డెయిరీతో పోటీపడి కొనే డెయిరీలు ఊళ్లోకి రావాలి.

ఇక షరతు. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో సెజ్ (పరిశ్రమలకు రాయితీలిచ్చే ప్రత్యేక ఆర్థిక మండలి) కోసం భూములు తీసుకున్నారు, మందుల కంపెనీలు వచ్చాయి. భూమి పోయిన రైతులు మాత్రం పరిహారం చాలదని ఏళ్ల తరబడి కొట్లాడారు. బంగ్లాదేశ్‌లో 2013లో గార్మెంట్ ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. కూలీలను తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబై, పుణె పోయే పాలమూరు కుటుంబాలకు అలాంటి ఫ్యాక్టరీ వద్దు. భూమి ఇచ్చిన ఇంటికి పర్మనెంట్ ఉద్యోగం, పీఎఫ్, ఆడవాళ్లకు రాత్రి షిఫ్టు నుంచి ఇంటిదాకా బస్సు: ఇవి కాగితం మీద రాసిచ్చిన కంపెనీకే ప్రభుత్వం భూమి, కరెంటు రాయితీ ఇవ్వాలి.