పీజీ లేకుండా బయటి దేశంలో ఆర్కిటెక్ట్: అమెరికా మేలా, ఆస్ట్రేలియా మేలా?

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా పిల్లలు బీఆర్క్ చివరి ఏడాదికొస్తే ఇంట్లో మొదలయ్యేది ఒకటే మాట, "ఎమ్మెస్‌కు ఎప్పుడు పోతవ్?" పక్కింటి సీఎస్ఈ అబ్బాయి పోయాడు కాబట్టి మనమూ పోవాలి, అంతే. లైసెన్సుకు పీజీ తప్పనిసరా అని అడిగేవాళ్లు తక్కువ. చాలాచోట్ల తప్పనిసరి కాదు. మన ఐదేళ్ల డిగ్రీని వాళ్ల లెక్కలో మదింపు చేయించుకుని, అనుభవం చూపించి, పరీక్ష రాయాలి. చిక్కంతా వీసాతోనే, అందుకే నేను పోల్చేది కూడా వీసాను బట్టే.

అమెరికాలో లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర బోర్డు, దారి చూపేది ఆ బోర్డులన్నీ కలిసిన సంస్థ ఎన్‌కార్బ్. బయటి దేశం డిగ్రీ మదింపుకు ఈఈఎస్ఏ అనే పద్ధతి ఉంది. అందులో ఇంగ్లిష్, ఎకనామిక్స్, చరిత్ర లాంటి జనరల్ సబ్జెక్టులకు 45 క్రెడిట్లు అడుగుతారు, మన బీఆర్క్‌లో అవి పలచనే. తక్కువ పడితే ఆ సబ్జెక్టుల వరకు కట్టి పాసైతే చాలు, మొత్తం మాస్టర్స్ అక్కర్లేదు. ఆ పైన ఏఎక్స్‌పీ అనే అనుభవ కార్యక్రమం కింద 3,740 గంటల పని (కనీసం 1,860 గంటలు అక్కడి లైసెన్సున్న ఆర్కిటెక్ట్ చేతి కింద), ఏఆర్ఈ అనే లైసెన్సు పరీక్షలో 6 పేపర్లు. కష్టమే గానీ చేయగలిగిందే. అయితే అక్కడికి పోయేదెట్లా? ఇక్కడి నుంచి నేరుగా హెచ్-1బీ (కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా) అంటే ఎంపికలో పేరు రావాలి, పైగా 2025 సెప్టెంబర్ ఉత్తర్వుతో బయట ఉన్నవాళ్ల కొత్త పిటిషన్‌కు లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. కొత్తగా చేరే డ్రాఫ్టింగ్ మనిషి కోసం ఏ ఆఫీసు కడుతుంది చెప్పండి! అందరూ ఎం.ఆర్క్‌కు పోయేది లైసెన్సు కోసం కాదు, చదువయ్యాక ఏడాది పనిచేయనిచ్చే ఓపీటీ కోసం, కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) జాబితాలో ఉంటే మరో 24 నెలల కోసం.

పెళ్లయి హెచ్-4 (హెచ్-1బీ ఉన్నవాళ్ల భార్యకిచ్చే వీసా) మీద పోయే ఆడపిల్లల సంగతి వేరు, మన జిల్లాల్లో వీళ్లు బాగానే ఉన్నారు. వీళ్లు మదింపు, పరీక్షల పని ముందే మొదలుపెట్టుకోవచ్చు. ఉద్యోగం చేసి గంటలు కూడబెట్టాలంటే మాత్రం ఈఏడీ (పని అనుమతి కార్డు) కావాలి, అది ఎక్కువగా భర్త ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్రూవ్ అయ్యాకే.

ఆస్ట్రేలియాలో ఏఏసీఏ (అక్కడి ఆర్కిటెక్టుల అర్హతలు చూసే సంస్థ) మదింపు ఒక్కటే రెండు పనులకూ పనికొస్తుంది. రిజిస్ట్రేషన్‌కు అదే మొదటి మెట్టు, స్కిల్డ్ వీసాకూ అదే కాగితం, ఎందుకంటే ఆర్కిటెక్ట్ (232111) వాళ్ల వృత్తుల జాబితాలో ఉంది. కంపెనీ స్పాన్సర్ చేయాలన్న టెన్షన్ లేదు. పాయింట్లు కనీసం 65, పిలుపు రావాలంటే ఇంకా ఎక్కువే చూసుకోవాలి, ఇంగ్లిష్ స్కోరు అక్కడ బాగా ఆదుకుంటుంది. పోయాక 3,300 గంటల పని అనుభవం రాసిన లాగ్‌బుక్, రాతపరీక్ష, ఇంటర్వ్యూ. పీజీ వద్దనుకునేవాళ్లకు నా ఓటు దీనికే.

బ్రిటన్‌లోనూ మెట్టుమెట్టుగా అర్హతలు దాటాలి. ఫీజులు పౌండ్లలో, స్పాన్సర్‌ను వెతుక్కోవాలి, నాకైతే గిట్టుబాటు అనిపించదు. దుబాయ్‌లో పీజీ అడగరు, జీతం మీద పన్ను లేదు, అప్పులున్న ఇంటికి మంచిదే. కానీ అక్కడ గడిపిన ఏళ్లతోనే వేరే దేశం లైసెన్సు చేతికి రాదు.

ఏ దేశమైనా ఇప్పుడే చేయాల్సినవి రెండున్నాయి. క్లాక్ టవర్ దగ్గర ప్లాన్లు గీసే ఆఫీసులో చేరేముందు సార్‌కు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ (మన దేశంలో ఆర్కిటెక్టులను నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందా అడగండి. సివిల్ ఇంజనీర్ ఆఫీసైతే పని ఎంత నేర్పినా, ఆ అనుభవ పత్రాన్ని ఆర్కిటెక్ట్ దగ్గర చేసినట్టు చూపలేరు. రెండోది, కాలేజీ షీట్లు. థీసిస్ అయిపోగానే చుట్టచుట్టి బీరువా మీద పడేస్తాం, వానాకాలానికి చెమ్మ పడుతుంది, తర్వాత చెద. పోర్ట్‌ఫోలియోలో అడిగేది ఆ స్టూడెంట్ డిజైన్లనే, కాబట్టి ఫస్టియర్ నుంచి అన్నీ స్కాన్ చేయించండి, సిలబస్ కాపీ మీద యూనివర్సిటీ ముద్ర కూడా హైదరాబాద్‌లో ఉన్నప్పుడే వేయించుకోండి.