తెలుపా, వెండా, నలుపా: కొత్త కారుకి ఏ రంగు మేలు?

కారు ఏదో తేలిపోయి, వేరియంట్ ఖాయమై, లోను కాగితాల మీద సంతకాలు కూడా అయిపోయాక ఇంట్లో అసలు పంచాయితీ రంగు దగ్గర మొదలవుతుంది. నాన్నకి తెలుపు తప్ప వేరేది కారే కాదు. కొడుక్కి నలుపు కావాలి. "నలుపు శని రంగురా, వద్దు" అని నానమ్మ. షోరూమ్ కుర్రాడు మాత్రం "సార్, గ్రే అయితే స్టాక్ ఉంది, ఈ వారమే డెలివరీ" అంటాడు.

వీళ్లందరి మాటా విన్నాక తేల్చుకోవాల్సినవి రెండే. బండి పగలంతా ఎక్కడ నిలబడుతుంది? దాన్ని ఎవరు, ఏ నీళ్లతో కడుగుతారు? వీటికి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం రంగులు వాటంతటవే తప్పుకుంటాయి.

ముందు ఎండ సంగతి. నల్లకారు ఎండకి మాడిపోతుందన్నది ఉత్త మాటేం కాదు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వాళ్లు ఒక నల్ల హోండా సివిక్‌నీ, ఒక వెండి రంగు సివిక్‌నీ ఎండలో నిలబెట్టి కొలిచారు. 2011లో వచ్చిన ఆ ఫలితాల్లో టాపు వేడిలో తేడా 25 డిగ్రీల దాకా ఉంది. లోపలి గాలికి వచ్చేసరికి మాత్రం 5-6 డిగ్రీలే. ఎందుకంటే వేడిలో పెద్ద వాటా అద్దాల గుండా దిగి డాష్‌బోర్డునీ సీట్లనీ కాలుస్తుంది, దానికి బయటి రంగుతో పని లేదు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నం తెల్లకారు తలుపు తీసినా సెగ ముఖాన కొడుతుంది. కాకపోతే ఏసీ దారికి రావడానికి పట్టే సమయంలో ఆ ఐదారు డిగ్రీలు తెలిసొస్తాయి. నలుపు కొని అద్దాలకి నల్ల ఫిల్మ్ అంటించి సర్దుకుందామనుకుంటారేమో, 2012లో సుప్రీంకోర్టు ఆ ఫిల్ములను నిషేధించినప్పటి నుంచి ట్రాఫిక్ పోలీసులు బండి ఆపి అక్కడికక్కడే పీకేయిస్తున్నారు.

ఎండ విషయంలో తెలుపు, వెండి దాదాపు ఒకే జట్టు. ఎదుటివాడి కంటికి కనబడటంలో మాత్రం ఆ జట్టు విడిపోతుంది. ఆస్ట్రేలియాలో మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు పోలీసు రికార్డుల్లోని ప్రమాదాలను రంగుల వారీగా విడదీసి 2007లో లెక్క చెప్పారు. పగటి వెలుగులో తెల్లకారుతో పోలిస్తే ప్రమాదం జరిగే అవకాశం నలుపుకి 12 శాతం, గ్రేకి 11 శాతం, వెండికి 10 శాతం ఎక్కువ. తెల్లవారుజామున, సందెవేళ నలుపుకి అది 47 శాతానికి ఎగబాకింది. వెండి లేతరంగే కదా, తెలుపుతో సమానం అనుకునేవాళ్లు ఆగి చూడాల్సిన అంకె ఆ 10 శాతం. తారురోడ్డు, మబ్బు పట్టిన ఆకాశం, వాన తెర, ఈ మూడిటి మధ్య వెండి, గ్రే రెండూ కలిసిపోతాయి. తెల్లవారుజామున, సందెవేళ జాతీయ రహదారి మీద ఎక్కువ తిరిగేవాళ్లు, ముఖ్యంగా టెయిల్ లైట్ లేని ట్రాక్టర్ల మధ్య సాయంత్రాలు నడిపేవాళ్లు, తెలుపుకి ఇక్కడ ఒక మార్కు ఎక్కువే వేసుకోవాలి. వేరే రంగు కొంటే మసకవెలుగు పడగానే హెడ్‌లైట్లు వేయడం అలవాటు చేసుకోవాలి.

ఇక మురికి. కొనేటప్పుడు ఎవరికీ గుర్తు రానిది, కొన్నాక రోజూ అనుభవించేది ఇదే.

అపార్ట్‌మెంట్ సెల్లారులో పొద్దున్నే కార్లు తుడిచే కుర్రాణ్ణి ఒకసారి గమనించండి. ఒక బకెట్టు, ఒక గుడ్డ, వరసలో పది పదిహేను కార్లు. మొదటి కారు టైరు పక్కన గుడ్డకి అంటుకున్న ఇసుక రేణువు ఆరో కారు బానెట్ మీద గుండ్రంగా తిరుగుతుంది. అతన్ని అని లాభం లేదు, ఇచ్చే డబ్బులకి ఆ మాత్రమే వస్తుంది. ఆ సన్న గీతలు ప్రతి రంగు మీదా పడతాయి, తెలుపు మీద కంటికి ఆనవంతే. నల్ల బానెట్ మీద సాయంత్రపు ఏటవాలు ఎండ పడిందంటే సాలెగూడు పరిచినట్టు కనబడుతుంది. పాలిష్ చేయిస్తే పోతాయి నిజమే. కానీ రంగు పైన ఉండే క్లియర్‌కోట్ మందమే 40-50 మైక్రాన్లు, అంటే మహా అయితే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. పాలిష్ అంటే దాన్నే ఇంకాస్త అరగదీయడం. ఏటేటా చేయించుకునే ముచ్చట కాదు.

దానికి బోరునీళ్లు తోడైతే చెప్పనక్కర్లేదు. ఉప్పదనం ఉన్న నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడవకుండా ఎండకి వదిలేస్తే ఒక్కో చుక్కా ఆరి తెల్లటి మచ్చగా మిగులుతుంది. నలుపు, ముదురు నీలం మీద ఆ మచ్చలు దూరానికే కనిపిస్తాయి. నెలల తరబడి వదిలేస్తే క్లియర్‌కోట్‌లోకి దిగిపోయి షాంపూకి లొంగవు. షెడ్డూ, మంచి నీళ్లూ, ఆదివారం రెండు గంటల ఓపికా ఉన్నవాడికి నలుపుని మించిన అందం లేదు, నేనూ ఒప్పుకుంటాను. ఆ మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా షోరూమ్‌లో చూసిన నలుపు మళ్లీ కనిపించదు.

తెలుపు మీద దుమ్ము దాగుతుంది, బురద దాగదు. వానాకాలంలో ఎర్రనేలల ఊళ్ల వైపు వెళ్లొస్తే తలుపుల సగం దాకా చారలే. అద్దాల రబ్బరు బీడింగుల కింద, డోరు హ్యాండిళ్ల కింద నల్లటి జాడలు వేరే. గోదావరిఖని, మంచిర్యాల వైపు బొగ్గు లారీలు తిరిగే రోడ్ల పక్కన ఉండేవాళ్లకైతే తెలుపు రోజువారీ పని పెడుతుంది.

ఈ పందెంలో గెలిచేది వెండి, దాని వెనకే లేత గ్రే. వారం కడగకపోయినా మొన్ననే కడిగారేమో అన్నట్టుంటాయి. చూపులకి వెండి రంగు లోపమల్లా ఒకటే, దాన్ని ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

అయితే సొట్ట పడ్డ రోజు లెక్క తిరగబడుతుంది. వెండి, గ్రే లాంటి మెటాలిక్ రంగుల్లో సన్నటి అల్యూమినియం రేకులు కలిపి ఉంటాయి. రంగు కొట్టే స్ప్రే గన్ ప్రెషర్ కొంచెం మారినా, థిన్నర్ కొంచెం ఎక్కువైనా ఆ రేకులు వేరే తీరున పడుకుంటాయి, షేడ్ మారిపోతుంది. అందుకే పనితనం ఉన్న పెయింటర్ డోరు ఒక్కదానికే రంగేసి వదలడు, పక్క ప్యానెల్ మీదకి కూడా పలచగా లాగి కలుపుతాడు. బిల్లు కూడా ఆ మేరకు పెరుగుతుంది. బంపరు ప్లాస్టిక్కు, దానికి రంగు విడిగా వేస్తారు కాబట్టి కొన్ని కొత్త వెండి కార్లలోనే బంపరు, ఫెండరు (చక్రం పైన ఉండే రేకు) కలిసేచోట షేడ్ తేడా పట్టేయొచ్చు. సాదా తెలుపుకి ఈ గొడవ చాలా తక్కువ, ఊళ్లో టింకరింగ్ షాపులో కూడా తేడా తెలియకుండా కలిపేస్తారు.

సాదా తెలుపు అన్నాను, పెరల్ వైట్ అనలేదు. పెరల్‌లో మైకా పొడి ఉంటుంది. చాలావాటిలో తెల్ల బేస్, దాని మీద పెరల్ పొర, ఆపైన క్లియర్‌కోట్. షాపుకి తీసుకెళ్తే "అన్నా, ఇది మామూలు వైట్ కాదు, పెరల్. మూడు కోటింగులు పడతయ్, రేటు వేరే ఉంటది" అని ముందే చెప్పేస్తారు. పెరల్ పొర ఎన్ని సార్లు కొట్టారన్నదాన్ని బట్టి తెలుపు పసుపుగానో నీలంగానో తిరుగుతుంది. ఇరుకు సందుల్లో పార్కింగ్ అయితే, ఇంట్లో ఒకరు కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటుంటే, పెరల్ జోలికి పోకపోవడమే మంచిది.

అమ్మకం విలువ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. తెలుపు, వెండి, గ్రే పాత బండ్ల బజారులో త్వరగా కదులుతాయి, పసుపు, నారింజ బండ్లకి నచ్చే మనిషి దొరికేదాకా ఆగాలి. తెలుపు మీద ఉన్న పాత ఫిర్యాదు "ట్రావెల్స్ బండిలా ఉంటుంది" అన్నది. క్యాబులకి పసుపు నంబరు ప్లేటు ఉంటుంది కదా అని మనం వాదించవచ్చు గానీ, పెళ్లి మండపం గేటు దగ్గర వాచ్‌మన్ ప్లేటు చూడడు. సెడాన్ కొనేవాళ్లకి ఈ బెంగ కాస్త న్యాయమే, పెద్ద ఎస్‌యూవీల్లో లేదు.

ఎరుపు చిన్న కార్లకి బాగుంటుంది. ఏళ్ల తరబడి ఎండలో ఉంటే మాత్రం టాపు, బానెట్ మీద వెలిసే ప్రమాదం మిగతా రంగుల కంటే దానికే ఎక్కువ. ముదురు నీలం నలుపుకి తమ్ముడే, కష్టాలన్నీ అవే. మెరుపు లేని మ్యాట్ రంగులకి పాలిష్ పట్టకూడదు, గీత పడితే ఆ ప్యానెల్ మొత్తం మళ్లీ వేయాలి, మన రోడ్లకి అది తగదు. ఆలివ్ గ్రీన్ అయితే అసలు కుదరదు, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఆ రంగును రక్షణ శాఖ బండ్లకే వదిలింది. కొన్నాక రంగు మార్చుకుందామన్నా అది ఆర్‌సీలో నమోదై ఉంటుంది, ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లకుండా మార్చడానికి లేదు.

నన్నడిగితే వీధిలో, ఎండలో నిలబడే బండికి సాదా తెలుపు. సెల్లారులో ఉండి, కడిగే తీరిక లేనివాళ్లకి వెండి లేదా లేత గ్రే. సొంత షెడ్డు ఉండి, తానే కడుక్కునే మనిషికి నలుపు, నానమ్మ ఒప్పుకుంటే.

ఖాయం చేసేముందు ఆ రంగు బండినే రెండు మూడేళ్లు వాడింది ఎక్కడైనా పార్కింగ్‌లో వెతికి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. షోరూమ్ లైట్ల కింద ప్రతి రంగూ అందంగానే ఉంటుంది. బుకింగ్ ఫారంలో ఉత్త "వైట్" అని రాస్తే ఊరుకోవద్దు, కంపెనీ పెట్టిన పూర్తి పేరు రాయించండి. పెరల్‌కీ, రెండు రంగుల టాపుకీ అదనంగా వసూలు చేసే కంపెనీలు ఉన్నాయి. బేస్ వేరియంట్‌లో కొన్ని రంగులు అసలు దొరకవు కూడా, అది అడ్వాన్స్ కట్టేముందే అడగాలి.