ఆప్టోమెట్రీ: హైదరాబాద్ నాలుగేళ్లా, సిడ్నీ అయిదేళ్లా?

నీట్‌లో ర్యాంకు రాక, "కంటి చదువు ఎలా ఉంటుంది?" అని అడిగే బైపీసీ పిల్లలకు ఇది పనికొస్తుంది. ఆప్టోమెట్రీ అంటే చూపు పరీక్షించి కళ్లద్దాలు రాసే చదువు, కంటి డాక్టరు చదువు వేరు.

మన దగ్గర బి.ఆప్టోమ్, అంటే ఆప్టోమెట్రీ డిగ్రీ, నాలుగేళ్లు. మూడేళ్లు పాఠాలు, ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట చదివితే రోగులకు కొదవుండదు. చేయి తిరిగేది అక్కడే.

సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో పేర్లే తికమక. విజన్ సైన్స్ డిగ్రీ అని ఒకటుంది, మూడేళ్లే. త్వరగా అయిపోతుందని సంబరపడి చేరితే బోల్తా పడ్డట్టే! కాంతి కంట్లో ఎలా వంగుతుంది, రెటీనా ఏం చేస్తుంది, మెదడు దాన్ని బొమ్మగా ఎలా పోల్చుకుంటుంది... ఇవన్నీ బాగా చెబుతారు, పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు మంచిదే. కానీ అదొక్కటే ఉంటే అక్కడ ఆప్టోమెట్రిస్టుగా పని చేయడానికి కావాల్సిన రిజిస్ట్రేషన్ రాదు. దానికి క్లినికల్ ఆప్టోమెట్రీ మాస్టర్స్ కలిపిన అయిదేళ్ల జంట డిగ్రీ ఉంది, చూడాల్సింది దాన్ని.

అక్కడ అర్హత ఉన్న ఆప్టోమెట్రిస్టు కొన్ని కంటి మందులు కూడా రాయొచ్చు. ఇక్కడ మందుల చీటీ డాక్టరుదే. ఈ తేడా చిన్నది కాదు.

ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు, లోన్ టెన్షన్ సిడ్నీదే. ఇక్కడ చదివి తర్వాత అక్కడికి వెళ్తే వాళ్ల అర్హత పరీక్షలు రాయాలి. అక్కడే స్థిరపడాలన్న పట్టుదల లేకపోతే నా ఓటు హైదరాబాద్‌కే.